హామ్ రేడియో యాంటెన్నాకు చెక్క మాస్ట్: మీరే చేసుకుని, మీరే నిలబెట్టి, మీరే దించుకునేలా

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే సొంత రేడియో, దాని యాంటెన్నాను ఎత్తున పట్టి ఉంచే స్తంభమే మాస్ట్. నేను మొదటిసారి నిలబెట్టిన మాస్ట్ నాలుగో వానాకాలంలో పడిపోయింది. ఆ రోజు గాలి కూడా పెద్దగా లేదు. మీటరు లోతు గొయ్యి తవ్వి, గుంజ పాతి, చుట్టూ రాళ్లేసి దిమ్మిస కొట్టాను. బయటికి అంతా దిట్టంగానే కనిపించేది. విరిగాక చూస్తే నేలమట్టం దగ్గర జానెడు మేర చెక్క పిండైపోయి ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. ఆ జానెడుకి పైనా కిందా మాత్రం చెక్క గట్టిగానే ఉంది.

చెక్కను తినే బూజుకు నీరూ గాలీ రెండూ కావాలి. లోతున నీరుంటుంది, గాలి ఉండదు. పైన గాలి ఉంటుంది, నీరు నిలవదు. నేలమట్టం దగ్గర రెండూ పుష్కలం. అందుకే ఈ డిజైన్‌లో చెక్క మట్టిని తాకదు. నలుగురు కలిసి ఓ పూటలో దించగలిగేలా కింద కీలు కూడా ఉంటుంది. దించడం తేలికైతేనే రిపేర్లు టైముకు చేస్తాం, లేకపోతే "వచ్చే నెల చూద్దాం" అనుకుంటూ వదిలేస్తాం.

అసలు చెక్కే ఎందుకంటే, ఇనుప గొట్టం తీగ యాంటెన్నా పనిలో జోక్యం చేసుకుంటుంది, చెక్క చేసుకోదు. ఇంట్లో ఉండే పనిముట్లతోనే కోయొచ్చు, తొలచొచ్చు. పోలండ్‌లోని గ్లివిట్సే రేడియో టవర్ 1935లో లార్చ్ చెక్కతో కట్టింది. 118 మీటర్ల ఎత్తు, బిగింపులన్నీ ఇత్తడివి, ఇప్పటికీ నిలబడే ఉంది. మనది అందులో పదో వంతు కూడా లేదు కాబట్టి బలానికి చెక్క చాలదేమో అన్న బెంగ అక్కర్లేదు. కీళ్లూ తాళ్లూ సరిగ్గా ఉండాలి, అంతే.

ఎంత ఎత్తు, ఏ ఆకారం

ఇక్కడ చెప్పేది సుమారు 10.7 మీటర్ల మాస్ట్. ఈ లెక్క ఊరికే రాలేదు. 14.2 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 21 మీటర్లు, అంటే మన ఎత్తు అందులో సగం. దూర దేశాలతో మాట్లాడటానికి డైపోల్ (మధ్యలో కేబుల్ కలిసే రెండు చేతుల తీగ యాంటెన్నా) కనీసం ఆ ఎత్తులో ఉంటే సిగ్నల్ తక్కువ కోణంలో వెళ్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి ఇదే ఎత్తు పావు తరంగమే అవుతుంది కాబట్టి సిగ్నల్ ఎక్కువగా పైకే వెళ్లి, కొన్ని వందల కిలోమీటర్ల లోపు బాగా వినిపిస్తుంది. రెండిటికీ పనికొచ్చే మధ్యేమార్గం ఇది.

ఆకారం ఇంగ్లిష్ 'ఎ' అక్షరంలా ఉంటుంది. 6 మీటర్ల కాళ్లు రెండు, కింద 1.2 మీటర్ల ఎడంతో నిలబడి పైన కలుస్తాయి. వాటి మధ్యలోంచి ఇంకో 6 మీటర్ల కర్ర పైకి లేస్తుంది. అది కాళ్లతో 1.2 మీటర్ల మేర కలిసి, మిగతా 4.8 మీటర్లు పైన ఉంటుంది. పక్కలకు ఒరగకుండా కింది భాగాన్ని కాళ్లే ఆపుతాయి. ముందుకీ వెనక్కీ మాత్రం తాళ్లు ఆపాలి.

ఒక హద్దు ముందే చెప్పేస్తాను. ఇది డైపోల్, ఇన్వర్టెడ్ వి (మధ్య పైన ఉండి, రెండు కొసలూ కిందికి వాలిన డైపోల్) లాంటి తీగ యాంటెన్నాలకూ, మహా అయితే చిన్న వీహెచ్ఎఫ్ (ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) యాంటెన్నాకూ మాత్రమే. రోటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు), దాని మీద పెద్ద యాగీ (ఒక దిక్కుకు గురిపెట్టే కడ్డీల యాంటెన్నా) పెడతామంటే ఈ మాస్ట్ వద్దు.

చోటు

మొదట తల ఎత్తి చూడండి. కరెంటు తీగ ఏ వైపు ఉన్నా, మాస్ట్ ఎత్తుకు రెండింతల దూరంలో, అంటే 21.4 మీటర్లకు అవతల ఉండాలి. మాస్ట్ ఒక్కటే పడదు, దాంతోపాటు యాంటెన్నా తీగ కూడా విసురుగా వెళ్లి పడుతుంది. చెక్క కరెంటు పారనివ్వదన్న ధీమా తడిచెక్క దగ్గర చెల్లదు. ఆ దూరం దొరక్కపోతే వేరే చోటు చూసుకోండి, లేదా ఎత్తు తగ్గించుకోండి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. లైసెన్సు, నిర్మాణాలకు మీ దగ్గరున్న నిబంధనలు ఎలాగూ చూసుకుంటారు.

చెప్పడానికి తేలికగా ఉంటుందని దిక్కులు ఇలా అనుకుందాం. కాళ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా ఉంటాయి. మాస్ట్ తూర్పుకు తల పెట్టి పడుకుంటుంది. మనం పడమర నుంచి లాగి లేపుతాం. మీ స్థలాన్ని బట్టి తిప్పుకోండి.

చెక్క ఎంపిక

కాళ్లకు 5×10 సెంటీమీటర్ల కర్రలు రెండు, పైదానికి 5×7.5 కర్ర ఒకటి, ఒక్కోటి 6 మీటర్లు. అడ్డపట్టీలకు 2.5×10 సెంటీమీటర్ల పలక ముక్కలు కావాలి. పైన్, దేవదారు లాంటి తేలిక చెక్క మంచిది. టేకు మన్నుతుంది కానీ బరువెక్కువ. 6 మీటర్ల కర్రలు దొరక్కపోతే మూడూ 4.5 మీటర్లవి తీసుకుని 7.8 మీటర్ల మాస్ట్‌తో సరిపెట్టుకోండి. రెండు ముక్కలు అతికించి ఒక కాలు చేయడం మాత్రం వద్దు.

కర్రను ఒక కొస నుంచి ఒంటికన్నుతో చూస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత చారలు చూడండి. మీటరు పొడవులో చార 7 సెంటీమీటర్లకు మించి పక్కకు జారిపోతుంటే ఆ కర్ర వద్దు, బరువు పడినప్పుడు అది చార వెంటే చీలుతుంది. ముడులు చిన్నవైతే ఫర్వాలేదు. వెడల్పులో పావు వంతుకు మించిన ముడి, అందులోనూ అంచున ఉంటే, పక్కన పెట్టేయండి. పైకర్రకు అన్నిట్లోకీ శుభ్రమైనది ఉంచుకోండి.

పచ్చి చెక్కను అలాగే వాడకండి. నీడలో, మధ్య మధ్య చిన్న పుల్లలు పెట్టి పేర్చి ఆరనివ్వండి. ఒక ముక్కను వారానికోసారి తూచి, బరువు తగ్గడం ఆగాక పని మొదలుపెట్టండి. మెలితిరిగేదేదో నేల మీదే తిరిగితే నయం.

కోత, రంధ్రాలు, రంగు

కాళ్లను ఏ వైపుకు తిప్పి పెడతామన్నది ముఖ్యం. 10 సెంటీమీటర్ల వెడల్పు తూర్పు పడమరలకు రావాలి. లేపేటప్పుడు కర్ర వంగేది అటే. మందం రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది.

మూడు కర్రల్నీ చదునైన నేల మీద, చివరికి ఎలా ఉండాలో అలా పరవండి. కాళ్లు పైన దగ్గరకొచ్చే చోట ఒక చిక్కుంది. అవి దాదాపు 5 డిగ్రీలు వాలి వస్తాయి కాబట్టి మధ్యకర్రకు ముఖం ఆనించి కూర్చోవు, కొస అంచు మాత్రమే తాకుతుంది. అలాగే బోల్టు బిగిస్తే ఆ అంచు నలిగి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. కాబట్టి ఒక్కో కాలి లోపలి ముఖాన్ని, కొస దగ్గర 14 మిల్లీమీటర్ల నుంచి మొదలై 15 సెంటీమీటర్ల కిందికి వచ్చేసరికి సున్నా అయ్యేలా, వాలుగా చిత్రిక పట్టండి. ముందు పెన్సిల్‌తో రెండు పక్కలా గీత గీసుకోండి. గీతకు ఒక వెంట్రుక ముందే ఆగి, కర్రలు ఆనించి చూసి, మిగిలింది తీయండి. ముఖాలు కలిశాక వెనక దీపం పెట్టి చూస్తే వెలుతురు కనపడకూడదు. కాలి బయటి ముఖం మీద వాషరు వంకరగా కూర్చోకుండా, ఉలితో చిన్న చదును గూడు కూడా చేయండి.

కాళ్ల కొసకు 10 సెంటీమీటర్ల కింద మూడిట్లోంచీ దూరేలా ఒక 12 మిల్లీమీటర్ల బోల్టు వస్తుంది. కొసకు అంతకన్నా దగ్గరగా రంధ్రం పెడితే చెక్క చీలుతుంది. 15 సెంటీమీటర్ల మందంలో డ్రిల్ బిట్ పక్కకు పోవడం మామూలే, కాబట్టి ముందు సన్న బిట్‌తో రెండు వైపుల నుంచీ మధ్యలో కలిసేలా తొలిచి, తర్వాత పెద్దది చేయండి. రంధ్రం బోల్టుకు బిగుతుగా ఉండాలి, లొడలొడలాడకూడదు.

మధ్యకర్ర అడుగు కొస, కాళ్ల కొసకు 1.2 మీటర్ల కింద ఉంటుంది. అక్కడ కాళ్లు అప్పటికే విడిపోయి ఉంటాయి. అందుకని 45 సెంటీమీటర్ల పలకలు రెండు తీసుకుని ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టి, ఒక్కో కాలికి రెండేసి 10 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించండి. మధ్యకర్ర ఆ పలకల నడుమ దూరుతుంది. కాళ్లు 10 సెంటీమీటర్లు, అది 7.5 మాత్రమే కాబట్టి అటూ ఇటూ 12 మిల్లీమీటర్ల చెక్కపట్టీలు నింపి, అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన బోల్టు వేయండి.

ఇంత పొడవున కలపడం దేనికని అడిగినవాళ్లున్నారు. పై కొసను ఎవరో 20 కిలోల బరువుతో పక్కకు లాగారనుకోండి. రెండు బోల్టుల మధ్య మీటరు దూరం ఉంటే కింది బిగింపు మీద దాదాపు 100 కిలోలు పడుతుంది. ఆ దూరం 30 సెంటీమీటర్లే అయితే 320 కిలోలు దాటిపోతుంది. ఇంకో అర మీటరు ఎత్తు కోసం ఇక్కడ కక్కుర్తి పడటం తప్పు.

కాళ్లకు అడుగు నుంచి 60 సెంటీమీటర్ల దగ్గరా, 3 మీటర్ల దగ్గరా చెరొక అడ్డపట్టీ, వాటి మధ్య ఐమూలగా ఒక పట్టీ వేయండి. బోల్టులు గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ అయి ఉండాలి, నట్టు కిందా తల కిందా పెద్ద వాషర్లు తప్పనిసరి.

అంతా సరిపోయిందనుకున్నాక మళ్లీ మొత్తం విప్పేయండి. విసుగే, కానీ రంగు వేయాల్సింది విడిగా ఉన్నప్పుడే. చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది కోసిన కొసల దగ్గర. చెక్కను కాపాడే ద్రావణంలో కొసల్ని నానబెట్టండి, రంధ్రాల్లోకి బ్రష్‌తో పట్టించండి. ఆరాక ప్రైమరు, దాని మీద రెండు మూడు పూతల బయటి పెయింటు. అవిసె నూనె వాడేవాళ్లు ఆ గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. మధ్యకర్ర పై కొసను వాలుగా కోసి ప్లాస్టిక్ మూత తొడిగితే వాన లోపలికి దిగదు.

పునాది, కీలు

ఒక్కో కాలికి 30×30 సెంటీమీటర్లు, 45 లోతు కాంక్రీటు దిమ్మ. అందులో 6 మిల్లీమీటర్ల మందపు ఇనుప పట్టీలు రెండు, కాలిని ఉత్తర దక్షిణాల నుంచి పట్టుకునేలా నిలబెడతాం. వాటి మధ్య 6 సెంటీమీటర్ల సందు ఉంచండి, వాలుగా వచ్చే కాలికి ఆ వెసులుబాటు కావాలి. మిగిలిన సందును వాషర్లతో నింపొచ్చు. కీలు బోల్టు 16 మిల్లీమీటర్లది, కాంక్రీటుకు 18 సెంటీమీటర్ల పైన. కాలికి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర రంధ్రం. అంటే చెక్క నేలకు 8 సెంటీమీటర్ల ఎత్తులో నిలుస్తుంది, తిరిగేటప్పుడు మూల కాంక్రీటుకు తగలదు.

నాలుగు పట్టీల రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి, తేడా వస్తే కీలు తిరగదు. కొలిచి పెట్టడం కన్నా సులువు దారి ఒకటుంది. ఒకటిన్నర మీటర్ల తిన్నని ఇనుప కడ్డీని నాలుగింట్లోంచీ దూర్చి, రసమట్టంతో చూసి, కడ్డీ అలా ఉండగానే కాంక్రీటు పోయండి. గట్టిపడ్డాక కడ్డీ లాగేయండి. రోజూ తడుపుతూ కనీసం వారం ఆగండి, ఆగగలిగితే 28 రోజులు.

గై తాళ్లు, మేకులు

మాస్ట్ పడకుండా చుట్టూ నేలలోని మేకులకు లాగి కట్టేవే గై తాళ్లు. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద దాదాపు 56 కిలోల ఒత్తిడి తెస్తుంది. పలక అంచుల చెక్క మీద అది ఇంచుమించు రెట్టింపు. మన మాస్ట్ మొత్తానికి లెక్కేస్తే, పక్క నుంచి కొట్టినప్పుడు 150 కిలోలకు పైమాటే. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు.

తాడుకు 6 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ వాడండి. నైలాన్ సాగుతుంది, గాలికి మాస్ట్ ఊగుతూనే ఉంటుంది. పాలిప్రొపిలీన్ ఎండకు పెళుసై చేతిలోనే తునిగిపోతుంది. స్టీలు తీగ వాడితే అది యాంటెన్నాలా ప్రవర్తించకుండా మధ్యమధ్య గుడ్డు ఆకారపు ఇన్సులేటర్లు పెట్టాలి. పాలిస్టర్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

మేకులు కీలు నుంచి 6.5 మీటర్ల దూరంలో, నాలుగు దిక్కులా. పై తాళ్లు నాలుగు, 9.7 మీటర్ల ఎత్తు నుంచి, ఒక్కోటి 11.7 మీటర్లు. కాళ్లు కలిసే చోటు నుంచి తూర్పుకూ పడమరకూ ఇంకో రెండు, 8.8 మీటర్లవి. ముడులతో కలిపి 75 మీటర్ల తాడు తెచ్చుకోండి. తూర్పు, పడమరల్లో రెండు తాళ్లకూ వేర్వేరు మేకులు పెట్టండి. ఇంగ్లండ్‌లోని పోల్‌డూలో రేడియో ఆద్యుడు మార్కోనీ నిలబెట్టిన 20 మాస్టుల వలయం 1901 సెప్టెంబరులో ఒక్క తుపానుకు మొత్తంగా కూలిపోయింది. ఒకదానితో ఒకటి ముడిపెట్టిన కట్టడంలో ఒక్క తాడు తెగితే మిగతావీ దాని వెంటే పోతాయి.

మేకుకు మీటరు పొడవు ఇనుప యాంగిల్ ముక్క చాలు. తల మాస్ట్‌కు అవతలి వైపు వాలి, తాడుతో లంబకోణం చేసేలా దిగ్గొట్టండి. మెత్తటి నేలైతే కాంక్రీటులో పెట్టాలి. మీ ఒంటి బరువంతా వేసి తాడు లాగి చూడండి, మేకు కదిలితే అది పనికిరాదు.

ఉత్తర, దక్షిణ మేకులు కీలు గీతకు సరిగ్గా సూటిగా, దాదాపు అదే ఎత్తులో ఉండాలి. అలా ఉంటే పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ ఆ తాళ్ల పొడవు మారదు. ముందే కట్టేసి లేపొచ్చు, మాస్ట్ పక్కకు తూలదు. ఒక మీటరు పక్కకు పడితే, సగం లేచాక ఒక తాడు బిగుసుకుపోయి మాస్ట్‌ను విరిచేస్తుంది.

కప్పీ, తాడు వలయం

యాంటెన్నాను నేరుగా కొసకు కట్టకండి. కప్పీ పెట్టి, తాడును రెండు కొసలూ కలిపి వలయంగా చేసి వేలాడదీయండి. ఒకసారి నేను ఒంటి తాడే వేశాను. గాలికి యాంటెన్నా ముడి ఊడింది, తాడు సరసరా కప్పీలోంచి జారి నా కాళ్ల దగ్గర పడింది. తల పైన 9 మీటర్ల ఎత్తులో ఖాళీ కప్పీ, కింద చేతిలో తాడు! వలయమైతే ఏది తెగినా రెండో సగంతో కిందికి లాక్కోవచ్చు. కప్పీ గాడి తాడుకు సరిపడా ఉండాలి, పక్కన సందులో తాడు ఇరుక్కుంటే మళ్లీ అదే కథ.

లేపడం

గాలి లేని ఉదయం, కనీసం నలుగురు. తలకు హెల్మెట్లు. ఆజ్ఞలిచ్చేది ఒక్కరే, ఆ ఒక్కరూ తాడు పట్టుకోకూడదు. మాస్ట్ పడే దారిలో ఎవరూ ఉండకూడదు, పిల్లలు అసలే వద్దు.

పడుకున్న మాస్ట్‌ను పడమర నుంచి ఊరికే లాగితే లేవదు. తాడు నేలకు సమాంతరంగా కీలు మీదుగా పోతుంది, పైకెత్తే బలమే ఉండదు. అందుకే జిన్ పోల్, అంటే లాగే తాడును ఎత్తు మీదుగా తీసుకెళ్లే నిలువు కర్ర, కావాలి. 3 మీటర్ల గట్టి కర్రను కాళ్ల మధ్య, కీలు గీత మీద, మాస్ట్‌కు లంబంగా నిలబెట్టండి. అది పక్కకు పడకుండా ఉత్తర దక్షిణ మేకులకు రెండు తాళ్లు కట్టండి. దాని కొస నుంచి మాస్ట్ మీద 5.9, 9 మీటర్ల దగ్గరికి చెరొక తాడు, అటు పడమర మేకు దగ్గరికి లాగే తాడు. మాస్ట్ బరువు 50 కిలోలు, గురుత్వ కేంద్రం 4.7 మీటర్ల దగ్గర అనుకుంటే, మొదట్లో 86 కిలోల లాగుడు కావాలి. జిన్ పోల్ 1.5 మీటర్లే అయితే 160. లేస్తున్నకొద్దీ తగ్గుతుంది.

మొదట ఇద్దరు కొస ఎత్తి తలెత్తు స్టూలు మీద పెట్టండి. కప్పీ, వలయం, ఫీడ్‌లైన్ (రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) అన్నీ కట్టి ఉన్నాయో లేదో మళ్లీ చూడండి. ఇప్పుడు లాగండి. అడుగు లేవగానే ఆపి, కీళ్లు, ముడులు, మేకులు చుట్టి రండి. ఏమైనా తేడా ఉంటే దించడానికి అదే ఆఖరి తేలిక సమయం.

నిటారుకు దగ్గరపడే కొద్దీ అసలు జాగ్రత్త కావాలి. బరువు కీలు దాటగానే మాస్ట్ పడమరకు పడబోతుంది. కొలత ప్రకారం ముందే కట్టిన తూర్పు తాడు అప్పుడు బిగుసుకుని ఆపుతుంది. ఆ తాడు కట్టారో లేదో లేపకముందే ఇద్దరు వేర్వేరుగా చూడాలి. నిలబడ్డాక పడమర తాళ్లు కట్టి, దూరం నుంచి గుండు తాడు వేలాడదీసి రెండు దిక్కుల నుంచీ నిటారు సరిచూడండి. తాళ్లు వీణ తీగల్లా బిగించక్కర్లేదు, వేలాడకుండా ఉంటే చాలు. అతిగా బిగిస్తే మాస్ట్‌ను మనమే కిందికి నొక్కి వంచుతాం.

యాంటెన్నా, పిడుగు

7.1 మెగాహెర్ట్జ్ ఇన్వర్టెడ్ వికి మొత్తం తీగ పొడవు 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది, అంటే 20.1 మీటర్లు, ఒక్కో చేయి 10 మీటర్లు. కొసలు 3.5 మీటర్ల ఎత్తుకు తెస్తే మధ్య కోణం 90 డిగ్రీలు ఉంటుంది, అంతకన్నా ఇరుకు చేయకండి. ప్రసారం చేసేటప్పుడు కొసల దగ్గర వోల్టేజి చాలా ఎక్కువ, ఎవరి చేతికీ అందకూడదు. యాంటెన్నా తీగలు ఎలాగూ లాగి పట్టుకుంటాయిలే అని గై తాళ్లు తగ్గించే పని మాత్రం చేయకండి.

పిడుగుకు చెక్కైనా ఇనుమైనా ఒకటే. తడి చెక్కలో పిడుగు దిగితే లోపలి నీరు ఆవిరై కర్ర నిలువునా చీలుతుంది. ఫీడ్‌లైన్ ఇంట్లోకి వచ్చే చోట, పిడుగు కరెంటును ఎర్త్‌కు మళ్లించే అరెస్టర్ పెట్టి, దాన్ని ఎర్త్ కడ్డీకీ, ఆ కడ్డీని ఇంటి ఎర్త్‌కూ కలపండి. ఉరుములు వినిపిస్తున్నప్పుడు కాదు, మబ్బు పట్టకముందే కేబుల్ పీకేయండి.

తర్వాత

మొదటి నెలలో చెక్క సర్దుకుంటుంది, బోల్టులు ఒకసారి బిగించాలి. ఆ తర్వాత ఏడాదికోసారి దించి, అడుగు కొసలు, రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, పగిలిన చోట రంగు పూయండి. తాళ్లు ముడుల దగ్గరే ముందు పాడవుతాయి. కప్పీ వలయం అరిగిందనిపిస్తే దాని కోసం మాస్ట్ దించక్కర్లేదు. పాత తాడును విప్పి, ఒక కొసకు కొత్త తాడును కొసకు కొస ఆనించి లావు దారంతో కుట్టండి. ముడి వేస్తే కప్పీలో ఇరుక్కుంటుంది. కుట్టు మీద టేపు చుట్టి, రెండో కొస పట్టుకుని మెల్లగా లాగితే కొత్త తాడు పైకెళ్లి తిరిగి మీ చేతికే వస్తుంది.